తల ఇచ్చినవారు, తల వంచినవారు: సిక్కు చరిత్ర చెప్పు పాఠము

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమునందు చేసిన ప్రసంగ పాఠము)



బాసరకు సరస్వతీ దర్శనార్థమై పోవు యాత్రికులు ముందుగా గోదావరిలో స్నానము చేయుదురు. ఆ నీరు మన నేలపై అడుగు పెట్టుటకు పూర్వము నాందేడు పట్టణమును ఒరసికొని వచ్చుచున్నది. నాందేడు నేడు మహారాష్ట్రమునకు చెందినది. 1956 వరకు అది తెలంగాణ జిల్లాలతోపాటు హైదరాబాదు రాష్ట్రములో భాగమై యుండెను. సిక్కుల పదవ గురువైన గురు గోవింద సింగ్ 1708వ సంవత్సరమున ఆ గోదావరి తీరముననే దేహము చాలించిరి. కావున నేను నేడు చెప్పబోవు కథ పంజాబునందు జరిగినదే యైనను మనకు మిక్కిలి దూరపు కథ కాదు.

వీరుల కథలు విన్నప్పుడు ఒడలు పులకరించుట సహజము. కాని ఆ పులకరింత మరునాటికే చల్లారును. కొన్ని తావులందు అంతకంటె కీడు జరుగును. ఎన్నడో ప్రాణములు ధారపోసిన మహనీయుల పేరు చెప్పి, నేడు మన ప్రక్క ఇంట నున్నవానిపై పగ రగిల్తురు. అట్టి పనికై నేనీ కథ నెత్తుకొనలేదు. సిక్కు చరిత్రలో నా మనస్సున నాటుకొన్న సంగతి ఒక్కటే: తల ఇచ్చుటకు వెనుదీయని ఆ వీరులు పదిమంది నిర్ణయమునకు తల వంచుటయు నేర్చిరి. ఈ రెండవ గుణము లేనిచో మొదటిది ఉత్త సాహసము మాత్రమే. పంచాయతీ పీఠముపై కూర్చున్న మనకు ఈ రెండవ గుణముతోనే ఎక్కువ పని.

ఒకే పంక్తి

సిక్కు మతమునకు ఆద్యులైన గురు నానక్ 1469లో జన్మించి 1539లో పరమపదించిరి. వారు జీవితపు చివరి యేండ్లు రావీ నదీ తీరమున కర్తార్‌పూరులో గడపిరి. అచ్చట వారు సేద్యము చేసికొనుచు, వచ్చినవారికి బోధించుచు, అందరితో కలిసి భుజించుచు నుండిరి. పదిమంది కూడి భగవన్నామము తలచుట 'సంగత్'. అందరును ఒకే వరుసలో నేలపై కూర్చుండి భుజించుట 'పంగత్'. ఇది మన పంక్తియే. ఆ వంటశాలకు 'లంగర్' అని పేరు. రెండవ గురువు అంగద్ కాలమున ఆయన సతీమణి మాతా ఖీవీ లంగరును తన చేతుల మీదుగా నడపినది.

మూడవ గురువు అమర్ దాస్ ఒక కట్టడి చేసిరి. తన దర్శనమునకు వచ్చువారు ముందు పంక్తిలో కూర్చుండి భుజింపవలెను. ఆ పిమ్మటనే దర్శనము. అక్బరు చక్రవర్తి సైతము సామాన్యులతో కలిసి నేలపై కూర్చుండి భుజించెనని సిక్కుల సంప్రదాయము చెప్పుచున్నది. కులము పేర ఒకని ఎదుట మరియొకడు కూర్చుండుటకే వీలులేని దినములవి. నాకు తోచినంతవరకు సిక్కుల వీరత్వమునకు పునాది రణరంగమున పడలేదు. ఈ పంక్తిలో పడినది. ప్రక్కవానితో కలిసి కూర్చుండి తినలేనివాడు ప్రక్కవాని కొఱకు ప్రాణము లీయగలడా?

సాక్షియైనవాడు

ఐదవ గురువు అర్జున్ దేవ్ 1604లో ఆది గ్రంథమును సంకలనము చేయించిరి. అందు గురువుల కీర్తనలే కాక నేతగాడైన కబీరు, చర్మకారుడైన రవిదాసు, దర్జీయైన నామదేవుడు, ముస్లిము సూఫీయైన షేక్ ఫరీదు రచించిన పదములును చేరినవి. గురువు ప్రాబల్యము పెరుగుట జహంగీరు చక్రవర్తికి రుచింపలేదు. తిరుగుబాటు చేసిన రాజకుమారుడు ఖుస్రూను ఆదరించెనన్న నింద మోపి, 1606 మే నెలాఖరున లాహోరు నగరమున గురువును చిత్రహింసల పాలు చేసి చంపించిరి. ఆ ఆజ్ఞను గూర్చి జహంగీరే తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. కాలుచున్న పెనముపై కూర్చుండబెట్టి, శిరస్సుపై వేడి ఇసుక పోసినను గురువు చలింపలేదని సిక్కులు నేటికిని తలచుకొందురు. ఆ దినములలో వారు బాటసారులకు చల్లని తీపి నీరు పంచుదురు. నిప్పులలో కాలిన గురువు జ్ఞాపకార్థము దప్పిగొన్నవానికి చల్లని నీరిచ్చుట ఎంత మంచి ఆచారమో గమనింపుడు.

సిక్కులు ఇట్టి మహనీయులను 'శహీద్' అందురు. ఈ అరబ్బీ పదమునకు మూలార్థము 'సాక్షి'. తాను నమ్మిన సత్యమునకు తన ప్రాణముతో సాక్ష్యమిచ్చినవాడు శహీదు. ఒకని ప్రాణము తీసినవానికి ఆ పేరు రాదు.

తండ్రి మరణించునప్పటికి ఆరవ గురువు హరగోవిందునకు పదునొకండేండ్లు. ఆయన రెండు ఖడ్గములు ధరించిరి. ఒకటి 'మీరీ', అనగా లౌకికాధికారము. రెండవది 'పీరీ', అనగా ఆధ్యాత్మికాధికారము. అమృతసరస్సునందు హరిమందిరమునకు ఎదురుగా అకాల్ తఖ్తును నిర్మించిరి. ప్రార్థన ఒక చోట, ప్రజల వ్యవహారము మరొక చోట. కాని రెండును ఒకదాని కన్నుల యెదుట నొకటి యుండవలెను. న్యాయపీఠమున కూర్చున్నవానికి దేవుని గుడి కనబడుచుండవలెనని దీని భావము. 'సంత్ సిపాహి', అనగా సాధువును సైనికుడును ఒక్కడే అను ఆదర్శము ఇచ్చట మొలకెత్తినది.

పరుల కొఱకు బలిదానము

తొమ్మిదవ గురువు తేగ్ బహదూర్ కథ ఈ చరిత్రకంతకు శిఖరము వంటిది. ఔరంగజేబు కాలమున బలవంతపు మతమార్పిడికి గురియగుచున్న కాశ్మీర పండితులు పండిత కృపారాముని ముందిడుకొని ఆనందపురమునకు వచ్చి గురువును శరణు వేడిరి. ఇట ఒక విషయము గుర్తింపవలెను. యజ్ఞోపవీతము ధరించుటకు గురు నానక్ బాల్యముననే నిరాకరించిరని సంప్రదాయము. అట్టి నానకుని పీఠమున కూర్చున్న గురువు, తాము ధరింపని యజ్ఞోపవీతమును ధరించు హక్కు ఇతరులకు ఉండవలెనని తన శిరస్సు నర్పించిరి. 1675 నవంబరు నెలలో ఢిల్లీలోని చాందినీ చౌకునందు వారి శిరశ్ఛేదము జరిగినది. అంతకు ముందు ఆయన అనుచరులైన మతీదాసును రంపముతో కోసిరి. దయాల్ దాసును మరుగు నీటిలో వేసిరి. సతీదాసును కాల్చి చంపిరి.

తన మతము కొఱకు ప్రాణమిచ్చినవారు లోకమున పెక్కురు కలరు. తనది కాని ఆచారమును కాపాడుటకై ప్రాణమిచ్చినవారు అరుదు.

ఆ తరువాత జరిగినదియు వినదగినదే. అంటరానివాడని లోకము దూరముంచిన కులమున పుట్టిన భాయి జైతా గురువు శిరస్సును రహస్యముగా ఆనందపురమునకు చేర్చెను. తొమ్మిదేండ్ల బాలుడైన గోవిందుడు అతనిని కౌగిలించుకొనెను. లఖీ షా వణజారా అను వర్తకుడు మొండెమును తన బండిలో దాచి తెచ్చి, రాజభటుల కంటబడకుండుటకై తన ఇంటికే నిప్పంటించి దహన సంస్కారము చేసెను. ఆయన వణజారా జాతివాడు. మన తండాలలోని లంబాడీ సోదరులు ఆ వణజారా జాతికి చెందినవారే. గురువు త్యాగమునకు ఆ దినమున ఢిల్లీలోని ప్రభువు లెవ్వరును తోడు రాలేదు. తోడు వచ్చినవారు బండి తోలువాడు, అంటరానివాడు.

గురువే శిష్యుడైన దినము

1699వ సంవత్సరము వైశాఖీ పండుగనాడు ఆనందపురమున గొప్ప సభ కూడినది. గురు గోవింద సింగ్ ఖడ్గము దూసి నిలిచి ఒక శిరస్సు కావలెనని అడిగిరి. సభ నిశ్శబ్దమైనది. కొంతసేపటికి ఒకడు లేచెను. ఆ పిమ్మట నలుగురు ఒకరి తరువాత ఒకరుగా లేచిరి. వారు 'పంజ్ ప్యారే', అనగా ఐదుగురు ప్రియశిష్యులు. సంప్రదాయానుసారము వారిలో దయారాము లాహోరు ఖత్రీ. ధర్మదాసు హస్తినాపురపు జాటు రైతు. హిమ్మత్ రాయ్ జగన్నాథపురికి చెందిన నీరు మోయువాడు. మొహకం చంద్ ద్వారకకు చెందిన అద్దకపువాడు. సాహిబ్ చంద్ బీదరుకు చెందిన క్షురకుడు. బీదరు మన జహీరాబాదుకు సమీపముననే యున్నది.

గురువు ఆ ఐదుగురికి ఒకే పాత్రనుండి అమృతమిచ్చి 'ఖాల్సా'ను స్థాపించిరి. కులమును తెలుపు పేర్లు విడచి పురుషులు 'సింగ్' అనియు, స్త్రీలు 'కౌర్' అనియు పిలువబడవలెనని విధించిరి. పిమ్మట జరిగినదే ముఖ్యము. గురువు ఆ ఐదుగురి యెదుట చేతులు జోడించి, తనకును అమృతమిచ్చి తమలో చేర్చుకొనుడని వేడిరి. ఒక్క నిమిషము క్రిందట శిరస్సు లడిగిన చేతులే వారి యెదుట మ్రొక్కినవి. ఇచ్చువాడు పుచ్చుకొనువాడైనాడు, గురువు శిష్యుడైనాడు.

ఇది కేవలము లాంఛనము కాదని ఐదేండ్లకే తేలినది. 1704 డిసెంబరులో గురువు ఆనందపురమును విడిచి, చమ్‌కౌర్ గ్రామమున ఒక మట్టి గోడల ఇంటిలో సుమారు నలుబదిమందితో పెద్ద సైన్యమునకు ఎదురు నిలిచిరి. పెద్ద కుమారులైన అజిత్ సింగ్, జుఝార్ సింగ్ ఆ పోరున ఆయన కన్నుల యెదుటనే నేల కూలిరి. గురువు తానును పోరి మరణింప నిశ్చయించిరి. అప్పుడు మిగిలియున్నవారిలో ఐదుగురు కూడి, ఖాల్సా పేరున వారికి ఆజ్ఞ ఇచ్చిరి: పంథమునకు మీరు అవసరము, ఈ రాత్రియే వెడలిపోవలెను. గురువు ఆ ఆజ్ఞను శిరసావహించిరి. కుమారులను పోగొట్టుకొన్న తండ్రికి ఆ రాత్రి మరణించుటకంటె బ్రదుకుటయే కష్టము. అయినను తాను నెలకొల్పిన ధర్మమునకు తానే కట్టుబడిరి.

ఆ రోజులలోనే ఆయన చిన్న కుమారులైన జోరావర్ సింగ్, ఫతే సింగ్ సర్‌హింద్ నవాబు వజీర్ ఖానుకు చిక్కిరి. మతము మారుటకు ఒప్పుకొననందున పదేండ్లయినను నిండని ఆ పిల్లలను సజీవముగా గోడలో కట్టించిరి. నాయనమ్మ మాతా గుజ్రీయు చెరలోనే ప్రాణము విడచినది. 2022 నుండి భారత ప్రభుత్వము డిసెంబరు 26వ తేదీని ఆ బాలుర స్మృత్యర్థము వీర బాల దివసముగా జరుపుచున్నది. ఈ కథ చెప్పునప్పుడు మలేర్‌కోట్లా నవాబు షేర్ మొహమ్మద్ ఖాను పేరు విడువరాదు. గురువుపై యుద్ధము చేసినవాడయ్యును, పసివారిని చంపుట అధర్మమని ఆయన నిండు సభలో ఎదిరించి చెప్పెను. సిక్కులు ఆ మాటను మరువలేదు. 1947లో పంజాబంతయు రక్తసిక్తమైనప్పుడును మలేర్‌కోట్లాలో ముస్లిములకు హాని జరుగలేదు.

ఖడ్గమునకు హద్దు

సంతుడైన సైనికుని ఖడ్గమునకు హద్దు కలదు. ఔరంగజేబునకు గురువు పారశీక భాషలో వ్రాసి పంపిన జఫర్‌నామా లేఖయందలి ముఖ్య విషయమిదే: అన్ని ఉపాయములును విఫలమైన పిమ్మటనే ఆయుధము పట్టుట ధర్మము. ఆ గురువు పక్షమున 1688లో భంగాణీ యుద్ధమున పోరినవారిలో పీర్ బుద్ధూ షా అను ముస్లిము ఫకీరు కలడు. ఆయన కుమారులిద్దరు అచ్చట అసువులు బాసిరి. కావున ఆ పోరాటము ఒక మతముపై కాదు, అన్యాయముపై.

ఆనందపుర యుద్ధములలో భాయి కన్హయ్య అను సేవకుడు గాయపడినవారికి నీరు పోయుచుండెను. శత్రువులకును పోయుచున్నాడని కొందరు గురువునకు ఫిర్యాదు చేసిరి. అడుగగా, నాకు అందరిలోను మీరే కనబడుచున్నారని అతడు విన్నవించెనట. గురువు కోపింపలేదు, గాయములకు పూయ మందు కూడ ఇచ్చి పంపిరి.

నాందేడున గురువు దేహము చాలించుటకు ముందు, ఇక మనిషి గురువు ఉండడనియు, గ్రంథమే గురువనియు ప్రకటించిరి. అచ్చటనే మాధవదాసు అను బైరాగి ఆయనకు శిష్యుడై బందా సింగ్ పేరున పంజాబునకు పోయి 1710లో సర్‌హిందును జయించెను. తన ఏలుబడిలోని ప్రాంతములందు జమీందారుల పెత్తనము తొలగించి దున్నువానికి భూమి నిచ్చినవాడుగా ఆయన ప్రసిద్ధుడు. 1715 చివర ఆయన పట్టుబడెను. 1716లో ఢిల్లీలో ఆయన అనుచరులను ఏడువందలకు పైగా దినదినము కొందరి చొప్పున వధించిరి. మతము మారినచో ప్రాణము దక్కునన్నను వారిలో ఒక్కడును లొంగలేదని, ఆ సమయమున ఢిల్లీలోనున్న ఇంగ్లీషు కంపెనీ రాయబారులు తమ లేఖలో వ్రాసిరి. తుదకు బందాను, ఆయన పసి కుమారుని గూడ చంపిరి.

తరువాతి అర్ధశతాబ్దము సిక్కులు అడవులందు తలదాచుకొనిరి. నాయకుడు లేడు, రాజ్యము లేదు. అయినను వైశాఖీకి, దీపావళికి అమృతసరస్సున కూడి 'సర్బత్ ఖాల్సా' జరుపుకొనిరి. సర్బత్ అనగా సర్వులు. అందరును కూడి చేసిన తీర్మానమునకు 'గురుమతా' అని పేరు. ఎంత దండనాయకుడైనను దానికి లోబడవలసినదే. రాజ్యము చేత జిక్కిన పిమ్మట ఈ పద్ధతి సడలినది. నాయకులు తమలో తాము కలహించుకొనిరి. కష్టకాలమున నిలిచిన ఐకమత్యము అధికారము రాగానే చెదరినదన్న సత్యమును దాచవలసిన పని లేదు. అదియు మనకొక హెచ్చరికయే.

చేయి ఎత్తని వీరులు

ఈ సంప్రదాయపు పరిణతి ఇరువదవ శతాబ్దమున కనబడినది. గురుద్వారములు కొందరు మహంతుల సొంత ఆస్తులుగా మారగా, వానిని ప్రజల అధీనమునకు తెచ్చుటకై ఉద్యమము సాగినది. 1921 ఫిబ్రవరిలో నన్కానా సాహిబున శాంతముగా పోయిన యాత్రికులను మహంతు మనుష్యులు ఊచకోత కోసిరి. 1922లో అమృతసరస్సు సమీపమున 'గురు కా బాగ్' వద్ద లంగరు వంటకై కట్టెలు కొట్టినందుకు సిక్కులను నిర్బంధించిరి. నాటినుండి దినదినము సేవకుల దళములు అకాల్ తఖ్తు వద్ద అహింసా ప్రమాణము చేసి బయలుదేరెను. వారిలో పెక్కురు మొదటి ప్రపంచ యుద్ధమున పోరి వచ్చిన సైనికులు. పోలీసుల లాఠీల క్రింద వారు నేల కూలిరే గాని చేయి ఎత్తలేదు. ఆ దృశ్యమును స్వయముగా చూచిన దీనబంధు ఆండ్రూస్ హృదయము చలించి లోకమునకు వెల్లడించెను.

ఆ త్యాగములకు ఫలముగా 1925లో గురుద్వారముల చట్టము వచ్చినది. గురుద్వారముల నిర్వహణ ఎన్నికైన సంఘమునకు దక్కినది. అందు స్త్రీలకును ఓటు హక్కు కలిగినది. అంతటి రక్తపాతము, అంతటి సహనము తుదకు ఒక ఓటరు జాబితాగా, ఒక ఎన్నికైన సభగా పరిణమించినవి. మీరు కూర్చున్న సభయు అట్టిదే.

మన ఊరిలో

సోదరులారా! మన పంచాయతీలో ఎవ్వరును మన శిరస్సు అడుగబోరు. అడుగునది అంతకంటె చిన్నది; కాని ఇచ్చుటకు కొన్నిసార్లు అంతకంటె కష్టమైనది. అది మన అహంకారము.

పంచాయతీ అను మాటలోనే ఐదుగురున్నారు. సర్పంచు ఒక్కడు వ్రాసి తెచ్చిన తీర్మానముపై మిగిలినవారు వ్రేలిముద్ర వేయుట పంచాయతీ కాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగమునందు స్థానము కల్పించినది; షెడ్యూల్డు కులములకు, తెగలకు, స్త్రీలకు స్థానములు కేటాయించినది. మన రెండు రాష్ట్రములలో సగము స్థానములు స్త్రీలవి. కాని గెలిచిన స్త్రీకి బదులు భర్త వచ్చి కుర్చీలో కూర్చుండు ఊళ్ళు కలవు. దళిత సభ్యుడు కుర్చీ ఖాళీగా నున్నను గోడకానుకొని నిలుచుండు సభలు కలవు. ఒకే హోటలులో రెండు రకముల గ్లాసులుంచిన ఊళ్ళును మనమెరుగుదుము. అట్టి చోట వీరుల విగ్రహములు నిలిపి, జయంతులు జరిపి ప్రయోజనమేమి?

మీలో ప్రతి ఒక్కరును ఊరికి తిరిగిపోయిన పిమ్మట రాబోవు సమావేశమున మూడు సంగతులు గమనింపుడు. అందరును ఒకే వరుసలో కూర్చున్నారా? తక్కువ మాటలాడువాని మాట తుదివరకు విన్నారా? మన వాడుకకు, మన వీధికి, మన మతమునకు చెందని వాని హక్కు కొఱకు నేడు ఒక్కరైనను లేచి మాటలాడిరా? ఈ మూడును జరిగినచో, తేగ్ బహదూరు శిరస్సు ఎందులకు తెగినదో మన ఊరికి తెలిసినట్లే.

ఆనందపురపు సభలో మొదటివాడు లేచువరకు అంతయు నిశ్శబ్దమే. ప్రతి గ్రామసభలోను అట్టి నిశ్శబ్దము ఒకనాడు వచ్చును. ఆనాడు లేచువారు మీరే కావలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.